దిండు గలీబులో గొలుసు: కడప హోటల్‌లో మరిచిపోయిన వస్తువుల నిర్వహణపై ఒక కేస్ స్టడీ

కడపలో 46 గదుల హోటల్‌లో హౌస్‌కీపింగ్ బాధ్యత చూస్తున్న నాకు ఈ కేసు రాయవలసిన అవసరం ఒక నల్లపూసల గొలుసు వల్ల కలిగింది. ఆ గొలుసు చివరికి దొరికింది, యజమానురాలికి చేరింది, వ్యవహారం పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కలేదు. విన్నవాళ్లు అంతా మంచికే జరిగిందన్నారు. కానీ గొలుసు కనిపించకుండా ఉన్న పదహారు గంటల్లో మేము చేసిన పనులను తర్వాత వరుసగా కాగితం మీద పెట్టి చూసుకుంటే, అది దొరకడంలో మా హోటల్ ప్రమేయం ఏమీ లేదని, ఈ మధ్యలో ఒక మనిషి పరువు పోవడానికి మాత్రం పూర్తిగా మేమే కారణమని తేలింది. ఇదే వృత్తిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని మా తప్పులతో సహా రాస్తున్నాను.

మా హోటల్ ఎలాంటిది

ఆర్టీసీ బస్టాండు నుంచి నడిచి రాగలిగే దూరంలో ఉండే మధ్యతరగతి హోటల్ మాది. తిరుమలకు పోయే దారిలో దేవుని కడపలో తొలి గడప దర్శనం చేసుకునేవారు, పెద్ద దర్గా ఉరుసుకు వచ్చేవారు, ప్రొద్దుటూరు బంగారు వ్యాపారులతో పని ఉన్నవారు, గండికోట చూడడానికి వచ్చే కుర్రకారు, మందుల కంపెనీల రెప్‌లు, పెళ్లివారు ఇక్కడ దిగుతుంటారు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం పండు వెన్నెల్లో, రాత్రిపూట జరుగుతుంది కాబట్టి ఆ ఒక్క రాత్రి మా రిసెప్షన్‌కు నిద్ర ఉండదు. అర్ధరాత్రి దాటాక వచ్చి తెల్లవారకముందే వెళ్లిపోయేవారి గదుల్లో ఏం మిగిలిందో వెలుగు వచ్చాక గానీ తెలియదు.

ఎవరు ఏం మరిచిపోతారో కొంతవరకు ముందే చెప్పవచ్చు. రెప్‌లు ఫోన్ చార్జర్లు మరిచిపోతారు, పోటీ పరీక్షలకు వచ్చిన పిల్లలు పరుపు కింద గైడ్లు వదిలేస్తారు, పెద్దవాళ్లు కళ్లజోళ్లు, బీపీ మాత్రల డబ్బాలు, ఒక్కోసారి గ్లాసు నీళ్లలో వేసిన కట్టుడు పళ్లు మరిచిపోతారు. పెళ్లివారు మాత్రం ఏదైనా మరిచిపోగలరు. వారి గదుల్లో సామాను ఒకరిది, దాన్ని సర్దేది ఇంకొకరు, బిల్లు కట్టి తాళం చెవి ఇచ్చేది మూడో మనిషి.

ఆ రోజు

మాఘమాసపు పెళ్లిళ్ల రోజులు. రాయచోటి వైపు నుంచి వచ్చిన మగపెళ్లివారు రెండో అంతస్తులో మూడు గదులు తీసుకున్నారు. మూడు గదులూ పెళ్లికొడుకు మేనమామ పేరు మీదే రాసి ఉన్నాయి, ఎక్స్‌ట్రా పరుపులతో కలిపి వాటిలో పడుకున్నవారు పదముగ్గురు. ముహూర్తం తెల్లవారుజామున. వారిలో ఒక పెద్దామె రాత్రి పడుకునే ముందు మెడలోని నల్లపూసల గొలుసు, చెవి బుట్టలు తీసి, నగల దుకాణంలో ఇచ్చే చిన్న గులాబీరంగు పర్సులో పెట్టి, ఆ పర్సును దిండు గలీబు లోపలి కుట్టుకు పిన్నీసుతో గుచ్చుకుని పడుకున్నారు. కొత్త చోట నిద్రపోయే ఆడవాళ్లలో ఈ అలవాటు ఎంతమందికి ఉందో హౌస్‌కీపింగ్‌లో పనిచేసిన వారెవరైనా చెప్పగలరు. మా అమ్మకూ ఉండేది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, పట్టుచీర కట్టి, పెళ్లికని తెచ్చుకున్న వేరే నగలు పెట్టుకుని ఆమె హడావిడిగా మండపానికి వెళ్లిపోయారు.

పది నలభైకి మేనమామ బిల్లు కట్టారు. రూమ్ బాయ్ మూడు గదులూ చూసి, ఇంటర్‌కమ్‌లో "క్లియర్" అని చెప్పాడు. మూడు గదులకు కలిపి అతనికి పట్టిన సమయం నాలుగు నిమిషాలని కారిడార్ కెమెరాలో తర్వాత చూశాం. పదకొండున్నరకు ఆ అంతస్తు పనిచేసే అమ్మాయి గదుల్లోకి వెళ్లి దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు తీసి మూటకట్టింది. ఒంటిగంటకు ధోబీ ఆటో వచ్చింది. చీటీ మీద దుప్పట్లు ఇన్ని, గలీబులు ఇన్ని అని రాసి, సంతకాలు పెట్టి మూటలు పంపేశాం.

సాయంత్రం ఐదుంబావుకు, నగలు కనిపించడం లేదని ఆ పెద్దామె ఫోన్ చేశారు. ఫోనెత్తిన రిసెప్షన్ కుర్రవాడు విషయం పూర్తిగా వినకుండానే, "మీ గదుల్లో ఏమీ దొరకలేదండీ, చెక్ చేశాం" అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, ఉదయం వచ్చిన "క్లియర్" అన్న మాట మీద అతనికి అంత నమ్మకం. అవతలివారికి మాత్రం ఆ తడుముకోని జవాబే అనుమానం పుట్టించింది. అరగంటకు మళ్లీ ఫోన్ చేసినప్పుడు మా మేనేజర్ తీసుకుని, కంగారులో "నల్లపూసల గొలుసా, రెండు పేటలదా?" అని అడిగారు. పెళ్లిలో చాలామంది ఆడవాళ్ల మెడలో అలాంటిదే ఉంటుంది, ఆయన ఊహించి అన్నారు. వారికి మాత్రం "గొలుసు చూడకపోతే రెండు పేటలని ఇతనికెలా తెలుసు?" అనిపించింది. నిజమే, నేనైనా అలాగే అనుకుంటాను.

రాత్రి ఎనిమిదిన్నరకు రెండు కార్లలో ఏడుగురు దిగారు. కెమెరా రికార్డు చూపించమన్నారు, చూపించాం. ఆ అమ్మాయి ఖాళీ చేతులతో గదిలోకి వెళ్లి పెద్ద మూటతో బయటికి రావడం వారికి కనిపించింది. ఆ మూట గుడ్డలదేనని మాకు తెలుసు గనుక మేము దాని గురించి ఆలోచించలేదు. వారు మనిషిని అనుమానించారు, మేము మనిషిని వెనకేసుకొచ్చాం, మూట ఎటుపోయిందని రెండు పక్షాల్లో ఒక్కరికీ తట్టలేదు. పని ముగించుకుని ఇంటికి వెళ్లిన అమ్మాయిని మనిషిని పంపి పిలిపించారు. ఆమె వచ్చాక లాబీలో, వచ్చిపోయే గెస్టుల ముందు, ఆమె చేతి సంచిని టేబుల్ మీద బోర్లించారు. టిఫిన్ బాక్సు, దువ్వెన, బస్సు టికెట్లు, పిల్లవాడికి కొన్న దగ్గు మందు సీసా బయటపడ్డాయి. సంచి బోర్లించింది పెళ్లివారిలో ఒకరు. ఆపవలసినదాన్ని నేను, పక్కనే నిలబడి ఆపలేదు.

మరునాడు ఉదయం తొమ్మిది దాటాక ధోబీ భార్య ఆటోలో వచ్చింది. గలీబులను సోడా నీళ్లలో నానబెట్టేముందు ఒక్కోటీ తిప్పుతుంటే ఆమె బొటనవేలికి పిన్నీసు గుచ్చుకుంది. పర్సును పిన్నీసుతో సహా, ఆ గలీబుతో సహా, విప్పకుండా అలాగే తెచ్చి నా చేతికిచ్చింది. గలీబు అంచున చిన్న రక్తపు మరక ఉంది. మాకు ఏ పద్ధతీ లేని చోట చదువు లేని ఆ మనిషి ఎవరూ నేర్పకుండానే చేసిన పని ఇది: దొరికినదాన్ని దొరికినట్టే, దొరికిన గుడ్డతో సహా తెచ్చి అప్పగించడం. పోయిన వస్తువుల విషయంలో సాక్ష్యం అంటే అదే. పెళ్లివారు వచ్చి, నగలు చూసుకుని, ఆమె చేతిలో ఐదు వందలు పెట్టి వెళ్లారు. సంచి బోర్లించిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎక్కడ తప్పాము

మరుసటి వారం మేనేజర్, నేను, ఇద్దరు సూపర్‌వైజర్లు కూర్చుని జరిగినదంతా వరుసగా రాసుకున్నాం. మాకు "లాస్ట్ అండ్ ఫౌండ్" రిజిస్టర్ ఉండనే ఉంది. కానీ అది వస్తువు దొరికాక మాత్రమే తెరిచే పుస్తకం. ఎవరైనా వస్తువు పోయిందని చెబితే రాసుకోవడానికి అందులో చోటే లేదు. పోయిందన్న ఫిర్యాదును సమయం, మాట్లాడిన మనిషి, వస్తువు గుర్తులు, చివరిసారి ఎక్కడ పెట్టారన్న వివరాలతో ముందుగా రాసుకుని ఉంటే ఆమె "దిండు దగ్గర పెట్టినట్టు గుర్తు" అని అప్పుడే చెప్పేవారు. తర్వాత అడిగితే తెలిసింది, మొదటి ఫోన్‌లో ఆ మాట ఆమె అన్నారట. మా కుర్రవాడు వినలేదు.

రెండోది గలీబు. ఆ అమ్మాయిని తర్వాత అడిగితే, "దుప్పట్లయితే దులిపినానక్కా. గలీబులు దులపమని ఎవురూ చెప్పలేదు కదా" అంది. నిజమే, చెప్పలేదు. లెక్క తేలడానికి గలీబులను ఒకదానిలో ఒకటి దూర్చి పదేసి చొప్పున కట్టే అలవాటు మాది, ఆ అలవాటు ఆమెకు నేర్పింది నేనే. గుడ్డల లెక్క తప్పకుండా కాపాడుకున్నాం కానీ గుడ్డల లోపల ఏముందో చూసే అవకాశాన్ని ఆ లెక్క కోసమే పోగొట్టుకున్నాం.

సంచి వెతకడం గురించి ఎక్కువ రాయడానికి నాకు మనసు రావడం లేదు. గెస్టుకు మా సిబ్బంది సంచి వెతికే హక్కు లేదు. అనుమానం ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు, మేము రాతపూర్వకంగా సహకరిస్తాం. ఇంతకు మించి ఒక్క అడుగు కూడా వేయనివ్వకూడదని ఇప్పుడు డ్యూటీ మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇచ్చాం.

మార్చినవి

మొదటి మార్పు గది చూసే తీరులో. చెక్-అవుట్ సమయంలో రూమ్ బాయ్ గది చూడడానికి వెళితే చాలామంది గెస్టులకు కోపం వస్తుంది. "మేమేమన్నా టవల్ ఎత్తుకపోతామా?" అని మొహం మీదే అడిగినవారున్నారు. నిజానికి చాలా హోటళ్లలో ఆ తనిఖీ టవళ్ల కోసమే మొదలైంది కాబట్టి వారి కోపంలో తప్పు లేదు. ఇప్పుడు మా రిసెప్షన్‌లో, "మీరేమైనా మరిచిపోయారేమో చూసి చెబుతారు, రెండు నిమిషాలు కూర్చోండి" అంటున్నాం. చూసే చోట్లు కూడా మరిచిపోయే వస్తువులకు తగ్గట్టు మారాయి. బాత్రూం తలుపు వెనక కొక్కెం, సబ్బు పెట్టే అర, గీజర్ స్విచ్ పక్క గట్టు, మంచానికీ పరుపుకూ మధ్య సందు, మంచం వెనక ప్లగ్ పాయింటు, బీరువా పై అర, ఫ్రిజ్ తలుపు, కిటికీ గట్టు, అన్నిటికన్నా ముందు దిండు. ఉంగరాలు సబ్బు దగ్గర ఉంటాయి, చార్జర్లు మంచం వెనక, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో. ఇన్సులిన్ దొరికితే, తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కాబట్టి స్టోర్ బీరువాలో పెట్టకుండా గది నంబరు రాసిన కవర్లో వేసి పాంట్రీ ఫ్రిజ్‌లోనే ఉంచి, మిగతా వస్తువులన్నిటికన్నా ముందు దాని గురించే గెస్టుకు ఫోన్ చేస్తాం.

దొరికిన వస్తువును దొరికిన వెంటనే, గది దాటకముందే, సూపర్‌వైజర్‌ను పిలిచి చూపించాలి. ఇద్దరి ఎదుట పారదర్శకమైన కవర్లో వేసి, సీల్ చేసి, చీటీ కట్టాలి. చీటీ మీద వరుస సంఖ్య, తేదీ, సమయం, గది, గదిలో ఏ చోట దొరికింది, ఎవరికి దొరికింది, ఎవరు చూశారు అన్నవి ఉంటాయి. వస్తువును వర్ణించేటప్పుడు కంటికి కనిపించినదే రాయమంటాం. "బంగారు గొలుసు" అని రాయకూడదు, "పసుపు రంగు లోహపు గొలుసు, నల్లపూసలతో" అనాలి. అది బంగారమో కాదో తేల్చవలసింది మేము కాదు. ఒకసారి బంగారమని రాసి సంతకం పెట్టాక, గిల్టు నగ తిరిగిచ్చినా బంగారమే తిరిగిచ్చినట్టు రుజువు చేసుకోవలసి వస్తుంది. డబ్బయితే నోట్ల విలువల వారీగా లెక్కపెట్టి రాయాలి. నగలు, నగదు, పాస్‌పోర్టు, ఫోన్లు రిసెప్షన్ వెనక లాకర్‌కు వెళతాయి, మిగతావి దుప్పట్లు, తువ్వాళ్లు ఉంచే లినెన్ రూమ్‌లోని బీరువాకు. లాకర్‌కు రెండు తాళాలు. ఒకటి డ్యూటీ మేనేజర్ దగ్గర, ఒకటి నా దగ్గర.

ఈ చీటీ కట్టడం మొదలుపెట్టాక సిబ్బందిలో ఒక మార్పు వచ్చింది. దాన్ని నేను ముందు ఊహించలేదు. దొరికిన వస్తువును చూపించడానికి వాళ్లు ఉత్సాహంగా వస్తున్నారు. అంతకుముందు ఏదైనా దొరికితే భయపడేవారు. తెచ్చిస్తే "ఇంకేమన్నా ఉండిందా?" అని అడుగుతారు, తేకపోతే దొంగ అంటారు. ఇప్పుడు వాళ్ల పేరుతో చీటీ ఉంది, రెండో సంతకం ఉంది. నెలకొకసారి రిజిస్టర్ చూసి, ఎక్కువ వస్తువులు అప్పగించిన వారికి చిన్న బహుమతి ఇద్దామని మేనేజర్ అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. పెళ్లివారి అంతస్తు చేసేవారికి వస్తువులు ఎక్కువ దొరుకుతాయి, రెప్‌ల అంతస్తు చేసేవారికి చార్జర్లు తప్ప ఏమీ దొరకవు.

చట్టం వైపు నుంచి

సిబ్బంది శిక్షణలో చట్టం గురించి అరగంట చెబుతాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువు దొరికి దాన్ని తన అధీనంలోకి తీసుకున్నవారి బాధ్యత, ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును ఉంచుకున్నవారి బాధ్యతతో సమానం. అంటే మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. యజమాని ఎంత వెతికినా దొరకనప్పుడు, లేదా న్యాయమైన ఖర్చులు ఇవ్వనన్నప్పుడు, వస్తువు పాడైపోయేలా ఉన్నా, విలువలో చాలా భాగం పోయేలా ఉన్నా, దాన్ని కాపాడడానికి అయిన న్యాయమైన ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరినా అమ్మడానికి 169వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. మా హోటల్‌లో దాన్ని వాడవలసిన సందర్భం రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. ఇక 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో ఇది 403. దొరికిన వస్తువును యజమానికి చేర్చే ఉద్దేశంతో తీసి దాచడం నేరం కాదు. యజమాని ఎవరో తెలిసి గానీ, తెలుసుకునే తగిన ప్రయత్నం చేయకుండా గానీ సొంతానికి వాడుకుంటే నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా. "దారిలో దొరికింది తీసుకుంటే దొంగతనమా అక్కా?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా అడుగుతారు. దొరికిన చోటు హోటల్ గది అయినప్పుడు, అందులో నిన్న ఎవరు పడుకున్నారో రిసెప్షన్ పుస్తకంలో ఆధార్ నకలుతో సహా ఉన్నప్పుడు, యజమాని ఎవరో తెలియదని ఎవరూ చెప్పుకోలేరని జవాబిస్తాను.

లాబీలో ఒకప్పుడు "మీ వస్తువులకు మీరే బాధ్యులు" అన్న బోర్డు ఉండేది. బోర్డు పెడితే బాధ్యత తీరిపోతుందని యజమానులు అనుకుంటారు. గెస్టు కారు తాళం తీసుకుని తమ మనిషితో పార్కింగ్ చేయించాక ఆ కారు పోతే, "ఓనర్ రిస్క్" అని టోకెన్ మీద అచ్చు వేసినంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో ఒక ప్రసిద్ధ హోటల్ కేసులో చెప్పింది. అది కార్ల విషయమే అయినా, మా మేనేజర్‌కు ఆ తీర్పు సారాంశం చదివి వినిపించాక ఆ బోర్డు తీసేశాం. దాని స్థానంలో విలువైన వస్తువులను రసీదు తీసుకుని రిసెప్షన్ లాకర్‌లో పెట్టుకోవచ్చని రాశాం. పెళ్లివారికి గది తాళంతో పాటు ఆ మాట నోటితో కూడా చెబుతాం. గోడ మీది మాట ఎవరూ చదవరు.

చేయకూడని ఫోన్

వస్తువు దొరికిన వెంటనే గెస్టుకు ఫోన్ చేసి చెప్పడం మంచిపని అని అందరికీ అనిపిస్తుంది, నాకూ ఒకప్పుడు అనిపించేది. కొన్నేళ్ల క్రితం వేరే ఊళ్లో, వేరే హోటల్‌లో పనిచేసేటప్పుడు గదిలో ఆడవారి కాలి పట్టీ ఒకటి దొరికితే రిజిస్టర్‌లోని నంబరుకు ఫోన్ చేశాను. ఫోనెత్తింది గది తీసుకున్నాయన భార్య. "పట్టీనా? నేను ఆ ఊరు రానేలేదే" అన్నారామె. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేకపోయింది. ఆయన తప్పు చేశాడా లేదా అన్నది నా పని కాదు. ఆయన మా దగ్గర బస చేసిన సంగతి మూడో మనిషికి చెప్పడం మాత్రం నేను చేసిన తప్పు.

అందువల్ల మా ఇప్పటి నియమం ఇది. బట్టలు, పట్టీలు, అలంకరణ సామాను, పుస్తకాలు లాంటివాటి గురించి మేముగా ఫోన్ చేయం. వారు అడిగితే ఇస్తాం. మందులు, కళ్లజోడు, ఫోను, గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టు, నగదు, నగలు అయితే ఫోన్ చేస్తాం, కానీ గది తీసుకున్న మనిషి గొంతేనని నిర్ధారించుకునే దాకా, "మీ బస గురించి ఒకసారి హోటల్‌కు ఫోన్ చేయండి" అని తప్ప వేరే మాట రాదు. ఉత్తరం, వాట్సాప్ కూడా అంతే. వాట్సాప్‌లో వస్తువు ఫోటో పంపడం పూర్తిగా నిషేధం. దానికి గోప్యతతో పాటు ఇంకో కారణముంది, ఫోటో చూసినవారెవరైనా గుర్తులు చెప్పగలరు.

ఎవరిదని తేల్చడం

గుర్తులు వారి నోటి నుంచి రావాలి. "ఏ రంగు? ఎన్ని పేటలు? కొక్కెం ఏ రకం? ఎక్కడైనా అతుకు వేయించారా? దేనిలో పెట్టారు?" అని అడుగుతూ పోతాం, అవునూ కాదూ అనకుండా రాసుకుంటాం, ఆ తర్వాతే చీటీతో పోల్చి చూస్తాం. పెళ్లివారు, యాత్రికుల బృందాల విషయంలో గది ఒకరి పేరు మీద, వస్తువు ఇంకొకరిది అవుతుంది. గది తీసుకున్నవారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇస్తాం. ట్రావెల్స్ డ్రైవర్ వచ్చి "నాకిచ్చేయండి, నేనిచ్చేస్తా" అన్నప్పుడు కాదనడానికి మా కుర్రవాళ్లు ఇప్పటికీ ఇబ్బంది పడతారు.

అసలెవరూ రాని నగల విషయంలో ఒక మార్గం ఈమధ్య పనికొచ్చింది. బాత్రూంలో దొరికిన ఒక ఉంగరం గురించి మూడు వారాలైనా ఎవరూ అడగలేదు. ఆ గదిలో ఆ వారంలో నలుగురు దిగి వెళ్లారు కాబట్టి ఎవరిదో చెప్పలేకపోయాం. భూతద్దంలో చూస్తే లోపలివైపు అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉన్న హాల్‌మార్క్ గుర్తు కనిపించింది. 2021 జూలై నుంచి నగల మీద వేస్తున్న, ఒక్కో నగకూ వేరుగా ఉండే ఈ గుర్తింపు సంఖ్యను (హెచ్‌యూఐడీ) భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే, అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, హాల్‌మార్క్ వేయించిన వ్యాపారి రిజిస్ట్రేషన్ ఏమిటి అన్నవి వస్తాయి. ఆ వ్యాపారికి వస్తువు వివరాలు చెప్పకుండా, ఆ నంబరు మాత్రం ఇచ్చి, కొన్నవారు మాతో మాట్లాడేలా చూడమని అడిగాం. కొన్నవారు తామే ఫోన్ చేశారు. పాత నగలకు, 2 గ్రాముల లోపు వాటికి ఈ గుర్తు ఉండదు కాబట్టి ప్రతిసారీ ఇది పనిచేయదు. ఆ పెద్దామె గొలుసు మీదా లేదు, అది ఆమె పెళ్లినాటిది.

ఫోన్ల విషయంలో ఒక్కటే చెబుతాను: తెరవడానికి ప్రయత్నించకూడదు, సిమ్ తీసి వేరే ఫోన్‌లో పెట్టి చూడకూడదు. చార్జింగ్ పెట్టి ఉంచితే యజమానే ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. 2023 మేలో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్ వచ్చాక, పోయిన ఫోన్‌ను దాని ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోన్‌కూ వేరుగా ఉండే సంఖ్య) బ్లాక్ చేయించేవారు పెరిగారు. అలాంటి ఫోన్ తిరిగిచ్చేటప్పుడు అన్‌బ్లాక్ చేయించుకోవాలని కూడా చెప్పి పంపుతాం. నగదును, బంగారాన్ని కొరియర్లు సాధారణంగా తీసుకోవు. నగలు పంపక తప్పనప్పుడు పోస్టాఫీసులో బీమా చేయించి పంపుతాం, లేదంటే వారే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి.

ప్రసాదం

హోటల్ శిక్షణ పుస్తకాలు సాధారణంగా పాడయ్యే పదార్థాలను ఎక్కువ రోజులు ఉంచకుండా పారేయమంటాయి. కడపలో ఆ నియమం నడవదు. తిరుమల నుంచి తిరిగి వచ్చేవారు లడ్డూ కవర్లు ఫ్రిజ్‌లో మరిచిపోయి, సగం దారి నుంచి ఫోన్ చేస్తారు. మరిచిన చార్జర్ కోసం ఎవరూ వెనక్కి రారు, లడ్డూ కోసం వచ్చినవారున్నారు. దర్గాలో ఫాతిహా చదివించిన చక్కెర పొట్లాల విషయమూ అంతే. వాటిని చెత్తబుట్టలో వేయమంటే మా సిబ్బందిలో ఎవరూ వేయరు, వేయించడం మర్యాదా కాదు. మూడు రోజులు ఉంచి, ఎవరూ అడగకపోతే, పాడుకానివి సిబ్బందికి పంచుతాం, పాడైనవి తోటలో చెట్టు మొదట్లో వేస్తాం. కుంకుమ అద్దిన నిమ్మకాయలు, తాయెత్తులు దొరికినప్పుడు మాత్రం పనివాళ్లు ముట్టుకోవడానికి భయపడతారు. వాటిని నేనే తీస్తాను.

ఎవరూ అడగనివి

విలువైనవి ఆరు నెలలు, మామూలువి మూడు నెలలు ఉంచుతాం. ఇది మేము పెట్టుకున్న గడువే, చట్టం హోటళ్లకు పెట్టినది కాదు. గడువు దాటిన నగలు, నగదు, గుర్తింపు కార్డులను జాబితాతో పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకుంటాం. హక్కుదారులు లేని ఆస్తిని అధీనంలోకి తీసుకోవలసిన బాధ్యత పోలీసులదే. బట్టలు, గొడుగులు, చార్జర్లు దొరికిన పనివారికే గేట్ పాస్‌తో ఇస్తాం. గేట్ పాస్ లేకుండా పాత గొడుగును కూడా బయటికి పోనివ్వం. రేపు ఎవరైనా ఆ గొడుగు తమదంటే పట్టుకుపోయిన మనిషి మళ్లీ లాబీలో నిలబడవలసి వస్తుంది. కళ్లజోళ్లు మాత్రం పారేయలేకపోతున్నాం, ఒక అట్టపెట్టె నిండిపోయింది.

ఆ అమ్మాయి

గొలుసు దొరికాక ఆమె నాలుగు రోజులు పనికి రాలేదు. యాజమాన్యం తరఫున క్షమాపణ లేఖ రాయించి, మేనేజర్ సంతకంతో నేనే ఆమె ఇంటికి తీసుకెళ్లాను. చదివి వినిపించాను. "ఈ కాగితం నాకెందుకక్కా? ఆ పొద్దు కింద నిలబడుకోని చూసినోళ్లందరికీ సదివి ఇనిపిస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. లేఖ అక్కడే పెట్టి వచ్చాను.

ఐదో రోజు ఆమె తనంతట తనే వచ్చింది. జీతం కోసమే వచ్చి ఉండవచ్చు, నేను అడగలేదు. రిజిస్టర్ రాసే పని ఇస్తామంటే వద్దంది. గలీబుల విషయంలో ఇప్పుడు మా మూడు అంతస్తుల్లో నడుస్తున్న పద్ధతి నేను పెట్టింది కాదు, ఆ రోజు నుంచి ఆమె సొంతంగా చేస్తుంటే చూసి మిగతావారికి నేర్పాను. గలీబును గదిలో తీయదు. దిండుతో సహా కారిడార్‌లోకి తెచ్చి, కెమెరా కింద నిలబడి, గలీబును తిరగేసి, రెండు చేతులా పట్టుకుని కుట్టు వెంట వేళ్లతో తడిమి, రెండుసార్లు గట్టిగా దులిపి, ఆ తర్వాతే మూటలో వేస్తుంది. ఒక్కో గదికి దీనివల్ల రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుందని సూపర్‌వైజర్లు ఇప్పటికీ నాతో గొణుగుతుంటారు.